చిన్న బండి ఆగిన ఏడాది వచ్చిన గొంతు

శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపురం వెళ్లే చిన్న రైలు 2004 జూన్‌లో ఆగిపోయింది. రెండున్నర అడుగుల పట్టాలు పీకి పెద్ద లైను వేయడానికి ఆపేశారు. 1900లో పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా సాగిన లైను అది, మొత్తం సుమారు 90 కిలోమీటర్లు. పర్లాకిమిడి రాజావారు సొంత డబ్బుతో వేయించుకున్న రైలు. అదే ఏడాది నవంబరు 10న అమెరికాలో 'ద పోలార్ ఎక్స్‌ప్రెస్' విడుదలయింది. క్రిస్మస్ ముందు రాత్రి, శాంటా ఉన్నాడా లేడా అని అనుమానపడే ఒక పిల్లవాడి ఇంటి ముందు రైలు వచ్చి ఆగడం, వాణ్ణి శాంటా ఉండే ఉత్తర ధ్రువానికి తీసుకుపోవడం కథ.

ఆ బండికీ ఈ బండికీ ఏ చుట్టరికమూ లేదు. కానీ ఆ సినిమా డిస్కులుగా, కేబుల్లో ఇంగ్లీషు చానళ్ల మీదుగా మన ఇళ్లకు చేరేనాటికి తెంబూరులో, పాతపట్నంలో, పర్లాకిమిడిలో, కాశీనగరంలో రైలు కూత లేదు. పెద్ద బండి గుణుపురం చేరింది 2011లో. మధ్యలో ఆ ఏళ్లలో ఇక్కడి పిల్లలకు డిసెంబరు చలిలో వినబడ్డ రైలు టీవీలోదే. ఆ రైలు మీద నిలబడి టిక్కెట్లు అడిగిన గొంతు హాలీవుడ్ నటుడు టామ్ హాంక్స్‌ది. పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం నూటికి 38 మంది దాకా క్రైస్తవులే. కొండ మీద సవర పల్లె మొదలుకొని పట్నం దాకా డిసెంబరు వస్తే చూరుకు కాగితం నక్షత్రం వేలాడే నేల ఇది. పండగ సినిమా అంటే ఇక్కడ ఈ సినిమా గుర్తుకు రావడంలో వింత లేదు.

హాంక్స్ గొంతు అప్పటికే పిల్లలకు తెలుసు. 1995 నుంచి 'టాయ్ స్టోరీ'లో ఉడీ బొమ్మకు గొంతు ఆయనదే. (ఆ బొమ్మ ఆటల్లోకి, ఆటవస్తువుల్లోకి ఎక్కినప్పుడు వినబడే గొంతు చాలాసార్లు ఆయన తమ్ముడు జిమ్ హాంక్స్‌ది. అన్నదమ్ముల గొంతులు అంత దగ్గర.) అయితే ఉడీ పద్ధతి వేరు. మామూలు యానిమేషన్‌లో నటుడు మైకు ముందు నిలబడి మాట్లాడతాడు, ఆ మాటకు తగ్గట్టు బొమ్మ పెదవులు గీసుకుంటారు. గొంతు ముందు, బొమ్మ తరవాత. మన తెలుగు డబ్బింగ్ దీనికి తిరగేసిన పని. అక్కడ బొమ్మ ముందే ఉంటుంది, కదిలే పెదవుల్లో మాట ఇరికించాలి.

పోలార్ ఎక్స్‌ప్రెస్ ఈ రెండూ కాదు. దర్శకుడు రాబర్ట్ జెమెకిస్ నటుడి ఒంటినీ, మొహాన్నీ, గొంతునూ ఒకేసారి పట్టుకున్నాడు. మొహం మీద 150కి పైగా మెరిసే చుక్కలు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టి, చిన్న ఖాళీ వేదిక మీద నటింపజేశారు. రైలు లేదు, మంచు లేదు. చుక్కల కదలికను కంప్యూటరు పట్టుకుంటే, ఆ కదలికకు బొమ్మ చర్మం తొడిగారు. సినిమా మొత్తం ఈ పద్ధతిలో తీయడం అదే మొదలు. అందుకే ఇందులో హాంక్స్ గొంతులో ఎగశ్వాస నిజంగా ఎగశ్వాస. మైకు ముందు నిలబడి ఆయాసం నటించడం వేరు, వంగి లేచి పరిగెత్తినవాడు మాట్లాడడం వేరు. తెలిసిన చెవికి మొదటి పది నిమిషాల్లోనే దొరికిపోతుంది.

లోపం కళ్లలో వచ్చింది. కనుపాప మీద చుక్క అంటించలేరు కదా, చూపును యానిమేటర్లు చేత్తో చేయవలసి వచ్చింది. గొంతు వెచ్చగా ఉండి చూపు చల్లగా ఉన్నట్టు అనిపించే చోట్లు అందుకే ఉన్నాయి. విడుదలైనప్పుడు విమర్శకులు ఎక్కువగా పట్టుకున్నది దీన్నే. ఆ మాట నిజమే. కానీ కళ్లు తేలిపోయిన చోట కూడా సన్నివేశాన్ని నిలబెట్టింది గొంతు. దానికి దక్కవలసిన మెప్పు దక్కలేదని ఈ రాతగాడి గట్టి నమ్మకం.

హాంక్స్ వేసిన పాత్రలు ఆరు: పిల్లవాడు, వాడి తండ్రి, రైలు కండక్టరు, రైలు కప్పు మీద తిరిగే దేశదిమ్మరి, తీగలు కట్టిన స్క్రూజ్ బొమ్మ (డికెన్స్ కథలో క్రిస్మస్ అంటే పడని పిసినారి), శాంటా. పిల్లవాడి ఒళ్లు మాత్రం హాంక్స్‌ది, గొంతు డేరిల్ సబారా అనే కుర్రవాడిది. పెద్దవాళ్లు పిల్లల్లా నటించాలి కాబట్టి ఆ సన్నివేశాలకు కుర్చీలు, బల్లలు మామూలు కంటే పెద్దవిగా చేయించారు, ఎదిగిన చెయ్యి వాటి మీద పిల్లచెయ్యిలా కనబడాలని. కండక్టరూ పిల్లవాడూ ఎదురెదురుగా మాట్లాడుకునే చోట రెండు వైపులా నటించింది ఒక్కడే. ఒకసారి ఇటు, ఒకసారి అటు నటించినవి కంప్యూటర్లో కలిపారు.

కండక్టరు అనగానే మనకు బస్సు గుర్తొస్తుంది. ఈయన టీసీ, గార్డు కలిసిన మనిషి. ఒక చేతిలో గడియారం, ఒక చేతిలో టిక్కెట్టు కొట్టే కత్తెర. గొంతు ముక్కు వైపు నుంచి వస్తుంది. మాట చివర కోసేసినట్టు ఆగుతుంది. హల్లులన్నీ పళ్లతో కొరికి వదిలినట్టు ఉంటాయి. వేగం ఎక్కువ, కానీ తొట్రుపాటు లేదు. వేళకు బండి నడపాలన్న బెంగ మనిషి వేగంలో ఉంది తప్ప కోపంలో లేదు. వేడి చాక్లెట్ పాట దగ్గర అదే గొంతు పాటలోకి జారుతుంది, జారినా ఆ కొరుకుడు పోదు.

దేశదిమ్మరి గొంతు ఛాతీ అడుగు నుంచి లేస్తుంది. గరగర ఉంటుంది, మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఎక్కువ. నవ్వు ముందు, మాట తరవాత. స్క్రూజ్ బొమ్మ గొంతు సన్నగా, ఇంగ్లండు యాసలో, గోరుతో పలక గీసినట్టు ఉంటుంది. వీటన్నిటికీ ఎదురు శాంటా. అక్కడ హాంక్స్ చేసిన పని దాదాపు ఏమీ చేయకపోవడమే. వేగం తగ్గించి, బరువు తగ్గించి, మాటను నేల మీద పెట్టినట్టు పెడతాడు. తండ్రి గొంతు మరీ మామూలు. మొదట్లో పిల్లవాడు నిద్ర నటిస్తూంటే గది గుమ్మంలో తల్లితో రెండు మాటలు అంటాడు, శాంటా కోసం ఎదురుచూసే రోజులు వీడికి అయిపోయినట్టే అని. ఎక్కువమంది ఆ రెండు మాటలూ వినకుండానే దాటిపోతారు. సినిమాలో బెంగంతా అక్కడే మొదలవుతుంది.

ఆరు వేషాలు ఒక్కడే వేయడం డబ్బు మిగుల్చుకోడానికో, గొప్ప చూపించుకోడానికో అనుకునేవాళ్లున్నారు. సరిగ్గా వింటే అలా అనిపించదు. కప్పు మీద దిమ్మరి, కళ్లతో చూస్తేనే నమ్మాలి కదా అని పిల్లవాణ్ణి గిల్లుతాడు. తరవాత కండక్టరు, నిజమైనవి ఒక్కోసారి కంటికి కనపడవని చెబుతాడు. స్క్రూజ్ బొమ్మ, నువ్వూ నాలాంటి అనుమానం మనిషివేనని వేలు చూపిస్తుంది. మూడు వాదాలూ ఒకే నోటి నుంచి వస్తున్నాయి, వినేవాడి ఒళ్లు కూడా ఆ నటుడిదే. అంటే ఆ తగవంతా ఆ పిల్లవాడి లోపల జరుగుతోంది. వేర్వేరు నటులు వేసుంటే మనకు ముగ్గురు పెద్దమనుషులు కనబడేవారు. ఒక్కడే వేయడంతో ఒక మనసు వినబడింది. హరికథ వినే అలవాటున్న మన చెవికి ఇది కొత్త కాదు. దాసుగారు ఒక్కరే రావణుడూ అవుతారు, విభీషణుడూ అవుతారు. ఎడం పక్కకు తిరిగి ఒకటి, కుడి పక్కకు తిరిగి ఒకటి. అన్నదమ్ములిద్దరూ ఒకే గొంతులోంచి తగువాడుకోవడంలో ఉన్న రుచి, ఇద్దరు నటులు ఆడితే రాదు.

ఇప్పుడు ఆ రోజుల డిస్కుల సంగతి. మన జ్ఞాపకంలో ఉన్న హాంక్స్ గొంతు చాలామందికి అసలు గొంతు కాదు. సినిమా నడిచేది సెకనుకు 24 బొమ్మల చొప్పున. అప్పటి మన టీవీ పద్ధతి పేరు పాల్ (PAL), సెకనుకు 25. సినిమాను పాల్ డిస్కులోకి ఎక్కించేటప్పుడు మామూలుగా చేసేది ఆ 24 బొమ్మలనే సెకనుకు 25 చొప్పున తోలేయడం. దాంతో బొమ్మ నూటికి నాలుగు వంతులు వేగంగా నడుస్తుంది, ఆ తేడా కంటికి తెలియదు. గొంతు మాత్రం పైకి లేస్తుంది. హార్మోనియం మెట్ల లెక్కలో ఒక మెట్టులో ముప్పాతికకు కాస్త తక్కువ. శ్రుతి సరిచేసి ఎక్కించిన డిస్కులూ ఉంటాయి, అన్నీ అలా ఉండవు.

దీనివల్ల ఎక్కువ నష్టపోయింది దిమ్మరి. ఆ గొంతుకు ఉన్న ఆస్తే అడుగు బరువు, అది తేలిపోతుంది. కండక్టరు కాస్త కంగారు మనిషిలా వినబడతాడు. శాంటా వయసు ఐదారేళ్లు తగ్గినట్టుంటుంది. మీ దగ్గరున్న డిస్కు ఏదో తెలుసుకోవడం తేలిక. పెట్టి మొత్తం నిడివి చూడండి. 100 నిమిషాలకు దగ్గరుంటే అసలు వేగం. 96 చూపిస్తే పరిగెత్తిన బాపతు. 96 నిమిషాలదాన్ని కంప్యూటర్లో వీఎల్‌సీ అనే ప్లేయరులో పెట్టి వేగం 0.96కు తగ్గిస్తే వేగం సరిపోతుంది, కానీ శ్రుతి సరిపోదు, ఎందుకంటే వేగం మార్చినా శ్రుతి మారకుండా ఆ సాఫ్ట్‌వేరు కాపాడుతుంది. ఆడియో సెట్టింగుల్లో టైమ్ స్ట్రెచింగ్ అన్న గుర్తు తీసేసి అప్పుడు 0.96 పెట్టాలి. దిమ్మరి నవ్వు దగ్గర పెట్టి చూడండి, మనిషి మారిపోతాడు. బ్లూరే డిస్కులో సాధారణంగా ఈ గొడవ లేదు.

రెండో చిక్కు రైలు హోరులో మాట మునిగిపోవడం. ఈ సినిమా శబ్దం మామూలుది కాదు. శబ్దానికి రెండు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. ఇంజను శబ్దాలు మిషిగన్ రాష్ట్రంలో ఉన్న పెర్ మార్కెట్ 1225 అనే అసలైన ఆవిరి ఇంజను దగ్గర రికార్డు చేసినవి. 1941లో తయారైన ఇంజను, ముందు రెండు, మధ్యలో నడిపే ఎనిమిది, వెనక నాలుగు చక్రాలు. దాని నంబరు చూడండి, పన్నెండో నెల ఇరవై ఐదో తారీకు. చిన్న బండి బొగ్గు ఇంజను విన్న మన పెద్దవాళ్లకు ఆ శబ్దం బరువెక్కువ అనిపిస్తుంది, నిజమే. రెండున్నర అడుగుల పట్టాల మీద నడిచే ఇంజను దానిముందు బొమ్మలాంటిది.

డిస్కులో శబ్దం ఆరు దారుల్లో ఉంటుంది. మాటలు చాలావరకు మధ్య దారిలో, హోరు పక్క దారుల్లో. ప్లేయరు సెట్టింగులో 5.1 (అంటే ఆ ఆరు దారులు) అని ఉండి, మీరు వెనక ఎరుపు, తెలుపు రెండు వైర్లే టీవీకి గుచ్చితే, మధ్య దారి ఎక్కడికీ పోదు. కండక్టరు నోరు కదులుతుంది, మాట ఎక్కడో బావిలోంచి వస్తుంది. అప్పట్లో డిస్కు పాడయిందని షాపుకు తిరిగిచ్చినవాళ్లు ఎందరో. డిస్కు బాగానే ఉంది. సెటప్‌లో ఆడియోకి వెళ్లి డౌన్‌మిక్స్ దగ్గర స్టీరియో పెడితే మధ్య దారి మాట రెండు పక్కలకూ కలిసి వస్తుంది. ఇప్పటి టీవీల్లో అయితే డిజిటల్ ఆడియో అవుట్ దగ్గర పీసీఎం (PCM) పెట్టాలి.

అదీ సరిగ్గా ఉండి మాట రాకపోతే జాక్ చూడండి. స్టీరియో జాక్ పూర్తిగా దిగకపోతే భూమి (గ్రౌండ్) కొస అంటదు. అప్పుడు కుడి ఎడమల మధ్య తేడా మాత్రమే వినబడుతుంది, రెండిటిలోనూ సమానంగా ఉన్నది చెరిగిపోతుంది. సమానంగా ఉన్నది మాటే. సంగీతం, గాలి, చక్రాలు అన్నీ ఉండి హాంక్స్ ఒక్కడే మాయమవుతాడు. గట్టిగా లోపలికి నొక్కితే తిరిగొస్తాడు. స్పీకరు పెట్టెల్లో ఒకదానికి ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారైనా ఇలాంటిదే కాస్త తక్కువ మోతాదులో జరుగుతుంది. గొంతు బోలుగా, తల వెనక నుంచి వస్తున్నట్టు ఉంటుంది.

చర్చి వాకిట్లోనో, వీధి అరుగు ముందో తెర కట్టి వేసేవాళ్లకు ఇంకో మాట. పెళ్లిళ్లకు కట్టే హారన్ మైకు దీనికి పనికిరాదు. అది అడుగు స్వరాన్ని మోయదు, దిమ్మరీ శాంటా ఒకేలా అరుస్తారు. పెట్టె స్పీకర్లు రెండు, తెరకు రెండు పక్కలా, కూర్చున్న పెద్దల చెవి ఎత్తుకు కాస్త పైన పెట్టండి. ఆంప్లిఫయరు మీద బాస్ సగం కంటే తగ్గించి, ట్రెబుల్ సగానికి కొంచెం పైన ఉంచితే హల్లులు తేటగా వినబడతాయి. కండక్టరు గొంతంతా హల్లుల్లోనే ఉంది. కరెంటు నమ్మలేం కాబట్టి లెక్క వేసుకోవాలి. ప్రొజెక్టరు 250 నుంచి 300 వాట్లు, ఆంప్లిఫయరు 100, ప్లేయరు 20, మొత్తం 400 అనుకోండి. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటి కొత్తదైతే 100 నిమిషాలు లాగుతుంది. పాతదైతే సరిగ్గా సినిమా చివర గంట మోగే చోట తెర చీకటి పడుతుంది. రెండోది పక్కన ఉంచుకోవాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు అయితే స్పీకర్లో జుయ్యిమని మోత వస్తుంది, సైన్ వేవ్‌ది అడిగి తెచ్చుకోండి. మహేంద్రగిరి వైపు పల్లెల్లో డిసెంబరులో ఎనిమిదిన్నరకల్లా మంచు దిగి తెరగుడ్డ బరువెక్కి వంగిపోతుంది. ఆరున్నరకు మొదలుపెడితే ఎనిమిదింబావుకు అయిపోతుంది.

భాష సంగతి. ఇక్కడ ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కొండ మీద సవర. ఇంగ్లీషు సినిమా ముందు కూర్చున్న పిల్లలకు పక్కనున్న పెద్దవాళ్లే దుబాసీలు. పెద్దమ్మ పక్కన కూర్చుని ఒక్కో మాటా చెప్పడం ఇక్కడి పద్ధతి. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా ఉండి సవరల నోటి మాట నేర్చుకుని, దానికి నిఘంటువు కట్టిన ఊరు పర్లాకిమిడి. నోట పలికే మాటే భాష అని పోరాడిన మనిషి. ఆ ఊళ్లో కండక్టరు మాటను పుస్తకం తెలుగులో చెబితే బాగుండదు. "బాలకా, నీవు వచ్చుచున్నావా?" అంటే హాంక్స్ వేసిన గొంతు చచ్చిపోతుంది. "ఏటి బాబూ, వస్తావా నేదా? వేళైపోతంది!" అనాలి. వేగంగా, చివర కోసేసి. దిమ్మరి మాట నెమ్మదిగా, నవ్వుతూ. శాంటా దగ్గర అసలు చెప్పకండి. ఆ నాలుగు మాటలకూ అనువాదం అక్కర్లేదు, గొంతే చెప్పేస్తుంది. పిల్లలకు ముందుగా చెప్పి ఉంచవలసింది ఒకటే. కండక్టరు టిక్కెట్ల మీద కత్తెరతో కొట్టేవి ఇంగ్లీషు అక్షరాలు. పిల్లవాడి టిక్కెట్టు మీద మొదట రెండు అక్షరాలే పడతాయి, తిరుగు ప్రయాణంలో మిగతావి పడి 'నమ్ము' అన్న మాట పూర్తవుతుంది. ఆ సంగతి తెలియకపోతే, చివర కండక్టరు టిక్కెట్టు చేతికిస్తున్నప్పుడు గొంతులో వచ్చే మెత్తదనం ఎందుకో పిల్లలకు అందదు.

శాంటా ఇచ్చే మొదటి కానుకగా పిల్లవాడు అడిగింది ఆయన బండి లాగే రెయిన్‌డీర్ (మంచుదేశపు దుప్పి) పట్టీ గంట, నమ్మేవాళ్లకే వినబడేది. ఇంటికి చేరాక తల్లిదండ్రులు ఊపి చూస్తారు, వాళ్లకు వినపడదు, పాడైపోయిందనుకుంటారు. పిల్లలకు వినబడుతుంది. అక్కడ మొదట్లో విన్న తండ్రి గొంతు మళ్లీ వస్తుంది. దాని వెంటనే, ఎదిగిన పిల్లవాడిగా కథ ముగించే గొంతూ వస్తుంది. రెండూ హాంక్స్‌వే. గంట వినపడని తండ్రీ, ముసలివాడయ్యాక కూడా వినబడుతోందనే కొడుకూ. ఆ రెండో గొంతుకు వేషం లేదు, ముక్కు లేదు, గరగర లేదు. సినిమా మొత్తంలో ఆయన సొంత గొంతు అదొక్కటే అనిపిస్తుంది. శబ్దం ఎక్కువ పెట్టుకున్నవాళ్లు ఇక్కడ తగ్గించకండి. రైలు హోరు కోసం తగ్గించి ఉంచినవాళ్లు రెండు గీతలు పెంచండి, గంట చాలా సన్నగా మోగుతుంది.

తరవాత జాష్ గ్రోబన్ పాట మొదలవుతుంది, పేర్లు పైకి పోతూంటాయి. చాలా ఇళ్లలో ఇక్కడే రిమోట్ నొక్కేసేవారు. ఇప్పుడు పెడితే నొక్కకండి. ఇంజను నడిపే ఇద్దరు, ఒకడు పొడుగు, ఒకడు పొట్టి, ఆ రెండు వేషాలూ వేసిన మైకేల్ జీటర్ సినిమా పూర్తికాకముందే 2003లో చనిపోయాడు. మిగిలిన మాటలు ఆండ్రే సోల్యుట్జో ఆ గొంతు పట్టుకుని పూర్తి చేశాడు. అతుకు ఎక్కడుందో ఎంత విన్నా దొరకదు. ఈ సినిమాను జీటర్‌కే అంకితమిచ్చారు. ఆ పేరు వచ్చేది ఆ పైకి పోయే పేర్లలోనే.